ఖాళీ కంటైనర్‌కే గట్టి లాకు కావాలి

గూడ్సు రైలు మీద పోతున్న కంటైనర్‌ని చూసి, అంత బరువు ఎక్కడికి కదులుతుందిలే అనుకుంటాం. నిండు కంటైనర్ విషయంలో ఆ ధీమా చాలావరకు సబబే. చిక్కంతా ఖాళీదానితోనే. నలభై అడుగుల హైక్యూబ్ కంటైనర్ ఖాళీగా ఉంటే సుమారు 4 టన్నులు తూగుతుంది. గాలికి ఎదురొడ్డే దాని పక్క గోడ మాత్రం 35 చదరపు మీటర్లు. గంటకు 120 కిలోమీటర్ల గాలి ఆ గోడకు అడ్డంగా కొడితే, తక్కువలో తక్కువ లెక్క వేసినా, తోపు రెండు టన్నులు దాటుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను గాలులు 180 కిలోమీటర్ల దాకా వీచాయి. ఆ వేగానికి తోపు 5 టన్నుల పైమాటే, అంటే కంటైనర్ సొంత బరువు కంటే ఎక్కువ. పైగా ఖాళీవి తిప్పడం మానుకోలేం. దిగుమతి సరుకు దిగినచోటే ఎగుమతి సరుకు దొరకదు కాబట్టి ఓడరేవులకూ సనత్‌నగర్ లాంటి లోతట్టు డిపోలకూ మధ్య అవి తిరుగుతూనే ఉండాలి.

వీటిని పట్టి ఉంచడానికి, కంటైనర్లు మోసే మన బీఎల్‌సీ వ్యాగన్ల మీద ఆటోమేటిక్ ట్విస్ట్ లాకులు ఉంటాయి. కంటైనర్ కింది మూలల్లో దళసరి ఉక్కు పోత ముక్కలు, వాటి అడుగున కోలగా ఉండే రంధ్రాలు. క్రేన్ దించగానే, బరువు పడి, లాకు తల రంధ్రంలోకి దూరి తిరిగి లోపలి అంచును పట్టుకుంటుంది. మళ్లీ క్రేన్ బలంగా ఎత్తితేనే వదులుతుంది. ఏర్పాటు మంచిదే. కానీ స్ప్రింగు సత్తువ తగ్గినా, తల అరిగినా, మట్టి పట్టి బిగుసుకుపోయినా, కంటైనర్ మూల వంకరపోయి సరిగా కూర్చోకపోయినా ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవారికి ఏమీ తెలియదు. వంగి, మూల మూలా చూస్తేనే బయటపడుతుంది.

ఇదంతా ఊహ అనుకునేవారు బ్రిటన్ అనుభవం చూడాలి. 2015 మార్చిలో ఒకే నెలలో స్కౌట్ గ్రీన్ దగ్గర, డీపింగ్ సెయింట్ నికొలస్ దగ్గర నడుస్తున్న రైళ్ల మీంచి ఖాళీ కంటైనర్లు గాలికి ఎగిరిపోయాయి. 2008లోనూ అలాగే జరిగింది. అక్కడి వ్యాగన్లకు ఉండేవి స్పిగట్లు. అవి కంటైనర్ పక్కకు జరగకుండా అడ్డుకుంటాయే గానీ పైకి లేవకుండా పట్టవు. మన లాకు చెడితే మిగిలేదీ అంతే. డెన్మార్క్‌లో 2019 జనవరి 2న గ్రేట్ బెల్ట్ వంతెనపై జరిగింది ఇంకా ఘోరం. అది కంటైనర్ కాదు, వ్యాగన్ మీద ఎక్కించిన లారీ ట్రైలర్. దాన్ని వ్యాగన్‌కు పట్టి ఉంచాల్సిన కింగ్‌పిన్‌కు లాకు పడలేదు. గాలికి కదిలి ఎదురుగా వస్తున్న ప్రయాణికుల రైలుకు తగిలింది, 8 మంది చనిపోయారు. ప్రయాణికుల రైళ్లు ఎడతెరిపి లేకుండా తిరిగే విజయవాడ - విశాఖ మార్గం పక్కన ఉండేవారికి ఇందులో వేరే వివరణ అక్కర్లేదు.

మేము కోరేది ఒకటే. కంటైనర్లు ఎక్కించిన ప్రతిసారీ, రైలు కదలకముందే, ప్రతి మూలా లాకైందని చూసినవారి సంతకంతో ఒక కాగితం ఉండాలి. లాకు పనిచేయని చోట ఖాళీ కంటైనర్ పెట్టకూడదు. బ్రేక్ పవర్ సర్టిఫికెట్ (బీపీసీ) ఉంది కదా అంటారు. అది ప్రధానంగా బ్రేకుల కాగితం. నిర్ణీత మార్గాల్లోనే తిరిగే వ్యాగన్ల వరుసలకు, అంటే క్లోజ్డ్ సర్క్యూట్ రేకులకు, అది వేల కిలోమీటర్లు చెల్లుతుంది, ఈలోగా కంటైనర్లు ఎన్నిసార్లు ఎక్కుతాయో, ఎన్నిసార్లు దిగుతాయో. గార్డు, డ్రైవరు కలిసి చేసే జీడీఆర్ చెక్ మీదే భారమంతా వేయడమూ న్యాయం కాదు. ఎక్కించిన టెర్మినల్‌దే మొదటి పూచీ.

టైము పోతుందన్నది గట్టి అభ్యంతరమే, రేకు ఆగితే డబ్బు ఆగినట్టే. లెక్క చూద్దాం. 45 వ్యాగన్ల రేకు మీద నలభై అడుగులవి 45 ఉంటే మూలలు 180, ఒక్కో వైపు 90. ఇద్దరు చెరో వైపు నడుస్తూ మూలకు 10 సెకన్లు పెట్టినా 15 నిమిషాలు, నడకతో కలిపి అరగంట లోపే. ఇరవై అడుగులవి 90 ఉంటే ఇంకో పావుగంట. లోడింగు సాగుతుండగానే వెనక నుంచి చూసుకుంటూ వస్తే అదీ కలిసొస్తుంది. తుఫాను వస్తే రైళ్లే ఆపేస్తారు కదా అనేది ఇంకో మాట. ఆపుతారు, కానీ యార్డులో నిలబెట్టిన ఖాళీ రేకుకు గాలి తగలకుండా పోదు. ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఈదురుగాలులు రోజుల ముందు పేరు పెట్టుకుని రావు. పాత పంబన్ వంతెన మీద గాలి 58 కిలోమీటర్లు దాటితే రైళ్లు ఆపే ఏర్పాటు ఉండేది. గాలిని కొలిచి రైలును ఆపడం మన రైల్వేకు కొత్త విద్య కాదన్నమాట. ఖాళీ కంటైనర్ల రైళ్లకు కోస్తాలో అలాంటి హద్దు ఒకటి పెట్టి, వేగం తగ్గించేదెప్పుడో, ఆపేదెప్పుడో రాసి ఉంచాలి.

దేశమంతా ఒకేసారి పెట్టమనడం లేదు. విశాఖ కేంద్రంగా గల దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లో ఒక తుఫాను కాలం, ఒక వేసవి అమలు చేసి, ఎన్ని లాకులు చెడినవి దొరికాయో ఆ లెక్క జనం ముందు పెట్టండి. ఒక్కటీ దొరక్కపోతే ఆ కాగితాన్ని ఎత్తేయండి.