రోబో కంటే ముందు ప్లాను

భవన నిర్మాణంలో రోబోల వాడకం కొత్త ఆలోచన కాదు. జపాన్‌లో షిమిజు సంస్థ ఉక్కు దూలాలపై అగ్నినిరోధక పూత చల్లే రోబోను 1983లోనే పనిలోకి దింపింది. యువకులు ఈ పనుల్లోకి రావడం తగ్గడంతో ఆ దశకంలో అక్కడి పెద్ద నిర్మాణ సంస్థలు కాంక్రీటు నునుపు చేయడం, పలకలు బిగించడం వంటి పనులకు వేర్వేరు యంత్రాలు తయారుచేశాయి. చాలావరకు ప్రయోగ దశ దాటలేదు. యంత్రాన్ని పై అంతస్తుకు చేర్చి, సరిచూసి, మళ్లీ దించడానికి పట్టే సమయం అది మిగిల్చిన సమయాన్ని మింగేసేది. అంతస్తు మీద అంతస్తును యంత్రాలతోనే బిగించుకుంటూ పోయే పద్ధతులూ 1990లలో కొన్ని భవనాలకు వాడారు. ఆర్థిక మాంద్యం రావడంతో అంత ఖర్చు భరించేవారు కరవయ్యారు.

కార్ల ఫ్యాక్టరీలో రోబో ఉన్నచోటే ఉంటుంది, కారే దాని ముందుకు వస్తుంది. కట్టడం దగ్గర రోబోనే తిరగాలి. దుమ్ము, వాన, ఎగుడుదిగుడు నేల, పరంజాల మధ్య. గోడ అర అంగుళం పక్కకు జరిగితే మేస్త్రి మాలుతో సర్దేస్తాడు. యంత్రానికి ఆ ఒడుపు లేదు. ఇటుకలు పేర్చే అమెరికా యంత్రం 'శామ్' పక్కన అతుకులు చదును చేయడానికి మేస్త్రి ఉండాల్సిందే. ఆస్ట్రేలియాలో తయారైన 'హేడ్రియన్ ఎక్స్' మాలునే వదిలేసి, పెద్ద దిమ్మెలను జిగురుతో అతికిస్తుంది. మేస్త్రి పనితనం యంత్రానికి నేర్పడం కంటే, పనినే యంత్రానికి తగ్గట్టు మార్చడం తేలికన్నమాట.

త్రీడీ ప్రింటింగ్‌దీ ఇదే దారి. బెంగళూరులో 1,021 చదరపు అడుగుల తపాలా కార్యాలయాన్ని ఇలా కట్టి 2023 ఆగస్టులో ప్రారంభించారు. సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో ఒక ఆలయమూ ఈ పద్ధతిలో లేచింది. అయితే యంత్రం ప్రధానంగా గోడలు పోస్తుంది. పునాది, తలుపులు, కరెంటు, నీటి గొట్టాలు మనుషుల చేతి పనే.

తెలుగు రాష్ట్రాల్లో అసలు మార్పు రోబో పేరు లేకుండానే వచ్చింది. రెడీమిక్స్ కాంక్రీటు, అల్యూమినియం సెంట్రింగ్ సైటు పనిలో కొంత భాగాన్ని ఫ్యాక్టరీకి తరలించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ టిడ్కో ఇళ్లను షియర్‌వాల్ పద్ధతిలో కట్టినప్పుడు గోడలు కూడా కాంక్రీటుతోనే పోశారు. ఒకే నమూనా ఇళ్లు వేలల్లో ఉంటే సెంట్రింగ్ అచ్చుల ఖర్చు గిట్టుబాటవుతుంది. సొంత ఇంటి సంగతి వేరు. స్లాబు పడ్డాక కూడా వాస్తు పేరు చెప్పి ద్వారం జరిపే చోట ఏ రోబోకైనా దిక్కుతోచదు.

కూలి చవకగా ఉండటం మరో అడ్డంకి. ఒడిశా, బిహార్ వలస కూలీలు తక్కువ వేతనానికి దొరుకుతున్నంతకాలం కాంట్రాక్టరు ఖరీదైన యంత్రం జోలికి పోడు. అందువల్ల ఇప్పటికి గిట్టుబాటయ్యేవి ప్రమాదకరమైన, విసుగెత్తించే పనులే: పైకప్పుకు రంధ్రాలు వేయడం, వంతెనల మీద ఇనుప చువ్వలు కట్టడం, ఎత్తైన గోడలకు రంగులేయడం, పాత కట్టడాలు కూల్చడం. వీటిలోనూ డిజిటల్ ప్లాను కచ్చితంగా ఉంటేనే యంత్రం పూర్తిగా ఉపయోగపడుతుంది.

యంత్రాలు వచ్చేకొద్దీ కార్మికుల నైపుణ్యమూ మారాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలవుతోంది. అందులో కొంత యంత్రాలు నడిపే శిక్షణకు కేటాయించి, మేస్త్రీలకూ రాడ్‌బెండర్లకూ ముందు అవకాశం ఇవ్వాలి.