శైవలం చెప్పే సాక్ష్యం

ప్రాచీన కావ్యాలలో శైవలానికి స్వతంత్రమైన స్థానం లేదు. అది పద్మానికి తోడుగా కనిపిస్తుంది. నదిని స్త్రీగా వర్ణించేటప్పుడు ఆమెకు కురులవుతుంది. లోకవ్యవహారంలో దానికి నాచు అని పేరు. మెట్లపై కాలు జార్చేదిగానే ప్రజలు దానిని తలుస్తారు. కాని చెరువులోని జీవరాశికి అన్నదాత ఆ శైవలమే. కంటికి కనిపించని ఏకకణ శైవలాలు సూర్యరశ్మితో ఆహారాన్ని తయారుచేసుకొని, నీటికి ప్రాణవాయువును అందిస్తాయి. వాటిని సూక్ష్మజంతువులు, సూక్ష్మజంతువులను చేపపిల్లలు తిని బ్రతుకుతాయి. కావున నీరు విషతుల్యమైనదా కాదా అని నిర్ణయించే వేళ శైవలం సాక్ష్యాన్ని తప్పక వినాలి.

పెట్రోలు, డీజిలు, కందెన నూనెలు హైడ్రోకార్బన్ల మిశ్రమాలు. 2020 మే 27న అస్సాంలోని బాఘ్‌జాన్ వద్ద ఒక సహజవాయు బావి అదుపు తప్పింది. దాని నుండి ఎగజిమ్మిన చమురు తుంపరలు సమీపంలోని మాగురి-మోటాపుంగ్ మంచినీటి సరస్సును కలుషితం చేశాయి. చచ్చి తేలిన చేపలను, డాల్ఫిన్ కళేబరాన్ని చూసి లోకం విచారించింది. శైవలాల కళేబరాలు మాత్రం ఎవరి కంటా పడవు.

మన దేశంలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల క్రింద గల సాధారణ ప్రమాణాల ప్రకారం, నదులలోకి, చెరువులలోకి వదిలే వ్యర్థజలంలో నూనె, జిడ్డు లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించరాదు. ఆ నీటిలో ఉంచిన చేపలలో నూటికి 90 వంతులు 96 గంటల తరువాత కూడా జీవించి ఉండాలి. ఈ నియమం మంచిదే. అయితే ఇది చాలదు. మొదటి లెక్క అన్ని నూనెలను ఒకే గాటన కట్టివేస్తుంది. రెండవ పరీక్ష, నాలుగు రోజులు బ్రతికిన చేపకు ఆపైన మేత మిగులుతుందో లేదో చెప్పదు.

ఆ లోటును తీర్చే పద్ధతి ఉన్నది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1984లో 201వ మార్గదర్శకంగా శైవల పరీక్షను ప్రకటించింది. పోషకద్రావణం గల గాజు పాత్రలలో సమాన సంఖ్యలో శైవల కణాలను వేసి, కాలుష్యకాన్ని క్రమంగా హెచ్చించిన మోతాదులలో కలుపుతారు. ఒక వరుసలో మాత్రం కాలుష్యకం కలపరు. 72 గంటలు వెలుతురులో ఉంచి కణాలను లెక్కిస్తారు. కాలుష్యకం లేని పాత్రలో అవి కనీసం 16 రెట్లు పెరగాలి. పెరుగుదల వేగాన్ని సగానికి తగ్గించే మోతాదు ఆ విషపు తీవ్రతకు కొలమానం.

అయితే పరీక్షలో మెలకువ అవసరం. నాఫ్తలీన్ వంటివి మూత లేని పాత్ర నుండి ఆవిరైపోతాయి. అప్పుడు విషం ఉన్నదానికంటె తక్కువగా తోస్తుంది. ఆంత్రసీన్ అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు మరింత విషపూరితమవుతుంది. ఒక జాతి శైవలం తాళుకొన్న మోతాదుకు మరొక జాతి తాళలేకపోవచ్చు. కావున మూసిన పాత్రలలో, సూర్యకాంతిని పోలిన వెలుతురులో, ఒకటికి మించిన జాతులతో పరీక్షించడం సమంజసం.

గాజు పాత్ర చెరువు కాదని కొందరు ఆక్షేపిస్తారు. అది నిజమే. చేపలను పరీక్షించే తొట్టి కూడా చెరువు కాదు కదా! ఆ పరీక్షను అంగీకరించినవారు దీనిని కాదనడానికి కారణం లేదు. చేపల పరీక్షకు తోడుగా శైవల పరీక్షను కూడా తప్పనిసరి చేయాలి. వేరు కుళ్ళిన సంగతి కొమ్మ ఎండిన తరువాత తెలిసి ప్రయోజనమేమి? నీటికి వేరువంటి శైవలాన్ని ముందుగా పరామర్శించడమే వివేకం.