లంబోర్గిని కారు మీద ఎద్దు బొమ్మ ఎందుకుందో తెలుసా?

ఈ పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న మా అన్న కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే పక్కన కూర్చుని ఫోన్లో ఒక వీడియో చూపించాడు. చైనా కంపెనీ బీవైడీ వాళ్ల కారు, పేరు యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్ అంట. 2025 సెప్టెంబరులో జర్మనీలో ఒక టెస్ట్ ట్రాక్ మీద గంటకు 496 కిలోమీటర్ల వేగం అందుకుంది. పెట్రోల్ లేదు, డీజిల్ లేదు. కరెంటు బండి.

"ఈ లెక్కన నరసరావుపేట నుంచి మాచర్లకు పది నిమిషాలు బాబాయ్. నువ్వేమో ఇంకా ఆ పాత ట్రాక్టరే పట్టుకుని ఉన్నావు" అన్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, మీరు చూసి చొంగ కార్చుకునే లంబోర్గిని ఉందే, అది ట్రాక్టర్ల డబ్బుతో పుట్టిన కారు" అన్నాను. నమ్మలేదు. ఫోన్లో వెతికి చూసుకున్నాక నోరు మూసుకున్నాడు.

మీలో కూడా కొందరికి తెలియకపోవచ్చు. ఫెరూచియో లంబోర్గిని అనే ఆయన 1916లో ఇటలీలో ద్రాక్ష సాగు చేసుకునే కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలేసిన బండ్ల ఇంజన్లు, సామాన్లు తెచ్చి రైతులకు ట్రాక్టర్లు కట్టిచ్చాడు. 1948లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టాడు. ఆ డబ్బుతో 1963లో కార్ల కంపెనీ పెట్టాడు. ఆయనది వృషభ రాశి, అందుకే కారు మీద ఎద్దు బొమ్మ. మన జూనియర్ ఎన్టీఆర్ 2021లో కొన్న ఊరస్ మీద ఉన్నదీ ఆ ఎద్దే. పొలంలోంచి పోయిన ఎద్దు జూబ్లీహిల్స్ దాకా వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా.

కోట్ల కార్లు చూసి తిట్టే పోస్టు కాదిది. డబ్బున్నోళ్లు కొనుక్కుంటారు, వాళ్లిష్టం. నేనడిగేది ఒకటే. ఆ కార్లలో ఉన్న విద్య మన పొలానికి ఎప్పుడొస్తది?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? ఆ సందర్భంలో బటిస్టా అనే కరెంటు కారును అక్కడ చూపించారు. చేసింది పినిన్‌ఫరీనా పేరుతో ఉన్న కంపెనీ. దాని యజమాని ఎవరనుకున్నారు? మన మహీంద్రా. మన ఊళ్లల్లో దుక్కులు దున్నే ట్రాక్టర్లు చేసే మహీంద్రానే.

ఆ బటిస్టా శక్తి 1900 హార్స్‌పవర్. మన 45 హెచ్‌పీ ట్రాక్టర్లు నలభై రెండు ఒకచోట కడితే ఎంతో అంత. ధర సుమారు 20 లక్షల యూరోలు. మన పన్నులు కలపకుండానే 18 కోట్లకు పైనే అనుకోండి. 2025లో మిర్చి పడిపోయినప్పుడు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. ఎకరానికి 20 క్వింటాళ్లు పండినా, 764 ఎకరాలకు పైనే పంట మొత్తం అమ్మితే ఒక్క కారు. అదీ ఖర్చులన్నీ పక్కన పెట్టి. నా లెక్క తప్పయితే చెప్పండి, దిద్దుకుంటా.

మా అబ్బాయి చూసింది స్పీడు. నేను చూసింది లాగుడు. ఈ రెండిటికీ తేడా పల్నాడు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బండలాగుడు పోటీల్లో ఎద్దు ఎంత వేగంగా పరిగెత్తిందని ఎవరన్నా చూస్తారా? ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. అన్నిటికంటే కష్టం మొదటి అడుగు. నేలకు అతుక్కున్న బండ కదలాలి. అక్కడే ఎద్దు సత్తా తెలుస్తది.

డీజిల్ ఇంజను నిలబడ్డ చోట నుంచి పూర్తి బలం ఇవ్వలేదు. కొంచెం తిరిగి, ఊపందుకున్నాక ఇస్తది. అందుకే రేజ్ చేసి క్లచ్ వదులుతాం. కరెంటు మోటారు అట్టా కాదు, మొదటి చుట్టులోనే పూర్తి లాగుడు ఇస్తది. ఆ కార్లు రెండు సెకన్లలో వంద స్పీడు అందుకునేది దీనివల్లే. బరువు లాగే ట్రాక్టరుకు కావాల్సింది కూడా అదే కదా?

ఇక స్పీడు సంగతి. ఆ 496 కొట్టింది రేసు డ్రైవరు. ఆ ట్రాక్ మీద గొర్రెల మంద అడ్డం రాదు, మలుపులో పత్తి ఆటో తగలదు. మా ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఇట్టాంటి వీడియోలు చూసి, బైకు మీద ఎంతొస్తదో చూద్దామని పోయి కాళ్లు విరగ్గొట్టుకున్నారు. ఒకడికి ఇప్పటికీ రాడ్డు ఉంది. వాళ్ల నాన్న ఎకరం అమ్మాడు. పిల్లలున్న ఇళ్లల్లో ఈ మాట చదివి వినిపించండి.

కార్ల విద్య కిందికి రాదని కొందరంటారు. అది నిజం కాదు, వచ్చింది. తిరుమల కొండ మీదికి ఈ మధ్య పోయారా? ఘాట్ రోడ్డులో 2022 నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. అవి హైదరాబాద్ ఒలెక్ట్రా కంపెనీవి. ఆ కంపెనీ బస్సులు చేయడం మొదలెట్టింది బీవైడీ సాంకేతిక సహకారంతోనే. అంటే 496 కొట్టిన కారు కంపెనీ విద్యే. నిండా భక్తులతో పొగ లేకుండా, మూలగకుండా మలుపులెక్కుతుంటే నాకు ముచ్చటేసింది. లాగుడు అంటే అదీ.

మరి మనకేది? హైదరాబాద్‌లోనే సెలెస్టియల్ అనే కంపెనీ 27 హెచ్‌పీ కరెంటు ట్రాక్టరు చేసింది. 2022లో చెన్నై మురుగప్ప గ్రూపు అందులో పెద్ద వాటా కొనుక్కుంది. అంటే చేసేవాళ్లు మన దగ్గరే ఉన్నారు. కానీ కేంద్రం 2024లో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం చూడండి. 10,900 కోట్లు. బైకులు, ఆటోలు, అంబులెన్సులు, లారీలు, బస్సులు పెట్టారు. ట్రాక్టరు పెట్టలేదు.

నా సంగతి చెప్తా. సొంతం మూడెకరాలు, కౌలు నాలుగు. పోయిన ఏడు డీజిలుకే నలభై ఆరు వేలు అయింది. మా ఇంటావిడ నోటు పుస్తకంలో ప్రతి క్యాను రాసిపెట్టింది. కాయ అమ్మినాక కౌలు కట్టి, పురుగుమందుల బాకీ తీర్చి చూస్తే చేతిలో మిగిలింది ఆ డీజిల్ డబ్బులంత కూడా లేదు. అందులో సగం తగ్గినా నాలాంటోడికి ఒక పిల్ల కాలేజీ ఫీజు.

ఇబ్బందులు లేవని అనను. 27 హెచ్‌పీ మన రేగడిలో రోటవేటరుకు చాలదు. బ్యాటరీ పోతే కొత్తది ఎంతో, రిపేరు చేసే మెకానిక్ మన ఊళ్లో ఎక్కడో. అందుకే ఎవర్నీ వెంటనే కొనమని చెప్పడం లేదు. నేను కూడా కొనను. ముందు లాం ఫారంలో మన మిరప చేలల్లో నడిపి, గంటకు కరెంటు ఎంత తాగిందో, ఎకరాకు ఎంత పడిందో రైతుల ముందు లెక్క చూపించండి. మండలానికి ఒకటి రెండు అద్దెకు పెట్టండి. వచ్చే పథకంలో ట్రాక్టరు పేరు చేర్చండి. ఎవరి పేరునైనా ఇవ్వండి, కౌలు రైతును మాత్రం మర్చిపోవద్దు.

చివరిగా ఒక్క మాట. ఆ లంబోర్గిని పెద్దాయన కార్లు, ట్రాక్టర్లు అన్నీ అమ్మేసి, ముసలితనంలో పొలానికే తిరిగొచ్చాడు. ద్రాక్షతోట పెట్టుకుని అక్కడే బతికాడు. ఈ సంగతి చెప్తే మా అబ్బాయి నవ్వి, "అయితే నేను కూడా వస్తా బాబాయ్" అన్నాడు.

"రా. కానీ నువ్వొచ్చేసరికి పొలం మన చేతిలో ఉండాలి కదా" అన్నాను.

వాడేమీ మాట్లాడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, నాతోపాటు కాయలు తిరగేశాడు.

మీ దగ్గర కరెంటు ట్రాక్టరు ఎవరైనా వాడుతుంటే రాయండి. మంచి అయినా, చెడు అయినా. తెలుసుకుందాం.