ట్యూనింగ్ అంటే స్పీడు పెంచడం కాదు బాస్!

హెక్టర్ మీదా కామెట్ మీదా కనిపించే ఎనిమిది మూలల ఎంజీ లోగో మీకు తెలిసిందే. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఇప్పుడా బ్రాండ్ చైనా కంపెనీది గానీ, పుట్టింది మాత్రం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో. ఎస్‌యూవీల కాలానికి చాలా ముందు ఆ లోగో అంటే రెండు సీట్లు, వెనక్కి మడిచేసే టాపు, మధ్యతరగతి కుర్రాడికి కాస్త అందేలా ఉండే స్పోర్ట్స్ కారు. వాటిలో బాగా పేరు మోసింది ఎంజీబీ. 1962లో వచ్చింది, 1980లో ఆగింది. మొత్తం 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఎండ కాసిన ఆదివారం బ్రిటన్ పల్లె రోడ్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

"మనకెందుకండీ ఆ పాత ఇనుము?" అంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, బర్మింగ్‌హామ్‌లోనో కోవెంట్రీలోనో చదువు అయిపోయి ఉద్యోగంలో పడిన మనవాళ్లలో కొందరికి ఈ కార్ల మీద మనసు పడుతోంది. రీల్స్ చూసి "కొనేద్దాం, ట్యూన్ చేసేద్దాం" అనుకుంటారు. రెండోది ఇంకా ముఖ్యం. ఈ కారు ఇంజిన్ మనకు చుట్టం.

అంబాసిడర్‌కి దగ్గర బంధువు

ఎంజీబీలో ఉండేది 1798 సీసీ ఇంజిన్. 'బీ సిరీస్' అనే కుటుంబానికి చెందినది. అదే కుటుంబంలోని 1489 సీసీ ఇంజిన్‌ని 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టారు. ఆ 1489 సీసీ ఇంజినే మన అంబాసిడర్‌ని దశాబ్దాల పాటు లాగింది. తాతయ్యలు ఎక్కిన పెళ్లి కారు, ఎమ్మార్వో గారి జీపు పక్కన ఆగిన తెల్ల కారు, ఊరి ట్యాక్సీ... అన్నింటి బానెట్ కిందా ఆ ఇంజినే. కార్బొరేటర్ కూడా ఒకే జాతి, ఎస్‌యూ.

మరి అంబాసిడర్ 50 చిల్లర హార్స్‌పవర్‌తో నెమ్మదిగా నడిస్తే, ఎంజీఏ 70 దరిదాపుల్లో ఎలా ఇచ్చింది? అక్కడ ఒక కార్బొరేటర్, ఇక్కడ రెండు. కంప్రెషన్ కాస్త ఎక్కువ. గాలి లోపలికి పోయే దారి, పొగ బయటికొచ్చే దారి కాస్త సాఫీ. అంతే. ట్యూనింగ్ అనే మాటకు అసలు అర్థం ఇందులోనే ఉంది. ఇంజిన్ సరిగ్గా ఊపిరి తీసుకోవాలి, సరైన క్షణంలో నిప్పు పడాలి, పొగ అడ్డం లేకుండా పోవాలి. పాత కారుకి ముందు ఈ మూడూ సరిచేస్తే, కంపెనీ ఇచ్చిన పవర్ తిరిగొస్తుంది. చాలామంది దాన్నే "అబ్బో, స్పీడు పెరిగింది" అనుకుంటారు. పెరగలేదు, పోయింది మళ్లీ వచ్చింది.

ముందు ఆగాలి, తర్వాతే పరుగు

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లలో చాలావాటికి 2018 నుంచి ఏటా చేయించే ఎంఓటీ టెస్టు తప్పనిసరి కాదు. వినడానికి బాగుంది కదా? కానీ కారు రోడ్డు మీదకి పనికొచ్చేలా ఉంచే బాధ్యత మాత్రం ఓనర్‌దే. అంటే ఎవరూ చెక్ చెయ్యరు, ఏదైనా అయితే మీరే జవాబు చెప్పాలి.

అందుకే పానా చేతపట్టగానే బానెట్ లేపకండి. ముందు చక్రాల దగ్గర కూర్చోండి. ఎంజీబీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. తొలి మోడళ్లలో బ్రేకు ఆయిల్ లైను ఒక్కటే. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, మిగిలేది హ్యాండ్‌బ్రేకే. రబ్బరు గొట్టాలు పగుళ్లిచ్చాయా, పైపులకు తుప్పు పట్టిందా చూడాలి. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి, కారు షెడ్డులోనే ఉన్నా రెండేళ్లకోసారి మార్చాలి.

తర్వాత టైర్లు. గీతలు కొత్తగా ఉన్నాయని మురిసిపోవద్దు. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటిన టైరు చూడ్డానికి ఎంత బాగున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వానలో పట్టు ఇవ్వదు. ముందు చక్రాల కింగ్‌పిన్నులకు సుమారు 4,800 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టాలి. ఈ పనికి పది నిమిషాలు చాలు. ఎగ్గొడితే వచ్చే బిల్లు మాత్రం పది నిమిషాల్లో మర్చిపోయేది కాదు.

ఇంకో మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి పని చెయ్యకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీసేదాకా తెలియదు.

వరస తప్పితే అంతే సంగతులు

ఇప్పుడు బానెట్ లేపండి. కారు మిస్సింగ్ కొడుతోందనగానే కొత్తవాళ్ల చెయ్యి కార్బొరేటర్ స్క్రూ మీదకే పోతుంది. అక్కడే దెబ్బతింటారు. కార్బొరేటర్ జబ్బుల్లో సగం కరెంటు జబ్బులే అని మెకానిక్కులు నవ్వుకుంటారు. దానిలో నిజం లేకపోలేదు. పాత ఇంజిన్‌కి వరస ఇదీ: టాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, అన్నిటికన్నా చివర కార్బొరేటర్.

టాపెట్ గ్యాప్ ఎంజీబీకి సాధారణంగా 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు. మోడల్‌ని బట్టి తేడా ఉండొచ్చు, మాన్యువల్ చూసుకోండి. వాల్వులు ఎనిమిది. దేన్ని ఎప్పుడు సెట్ చెయ్యాలో గుర్తుపెట్టుకోవడానికి భలే చిట్కా ఉంది, తొమ్మిది లెక్క. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది. నాలుగోది తెరుచుకుంటే ఐదోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

ప్లగ్గు గ్యాప్ 0.025 అంగుళం. మన మెకానిక్కులు 'డెల్కో' అని పిలిచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016. పాయింట్లు వాడగా వాడగా గ్యాప్ తగ్గుతుంది, దాంతో టైమింగ్ వెనక్కి జారుతుంది. అందుకే పాయింట్లు సెట్ చెయ్యకుండా టైమింగ్ పెట్టడం వృథా. టైమింగ్ మరీ ముందుకు జరిపేస్తే ఎక్కుడు మీద గులకరాళ్లు డబ్బాలో ఊపినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు విని కూడా తొక్కుతూ పోతే పిస్టన్లకు చిల్లు పడొచ్చు.

రబ్బరు గొట్టం, ఒక చెవి

ఇక అసలు సరదా. ఎంజీబీ రెండు ఎస్‌యూ కార్బొరేటర్లూ ఒకే లెక్కలో గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే ఇంజిన్ కుంటుతుంది. దీన్ని కనిపెట్టడానికి లాప్‌టాప్ అక్కర్లేదు, మూరెడు రబ్బరు గొట్టం చాలు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఫిల్టర్లు తీసి, గొట్టం ఒక కొస కార్బొరేటర్ నోటి దగ్గర, రెండోది చెవి దగ్గర పెట్టుకోవాలి. 'స్‌స్‌' అని వినిపిస్తుంది. రెండింటిదీ ఒకే స్థాయిలో వినపడేదాకా ఐడ్లింగ్ స్క్రూలు తిప్పాలి. అయితే ముందే రెండింటినీ కలిపే కడ్డీ క్లాంపులు వదులు చెయ్యాలి. లేకపోతే ఒకటి తిప్పితే రెండోదీ కదులుతుంది.

తర్వాత పెట్రోలు, గాలి పాళ్లు. కార్బొరేటర్ లోపలి పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు లోపే, కొంచెమంటే కొంచెం పైకి లేపి వినండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. పడిపోతే, ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్లీ కుదురుకుంటే సరిగ్గా ఉన్నట్టు. కింద ఉండే ఆరు పలకల నట్టుని ఒక్కో పలక చొప్పున తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ ఆగి వినాలి. తొందరపడి రెండు చుట్లు తిప్పేస్తే ఎక్కడ మొదలెట్టామో మనకే తెలియదు.

కార్బొరేటర్ తలమీది నల్ల మూత విప్పి లోపల ఆయిల్ ఉందో లేదో కూడా చూడండి. అది అయిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే కారు ఒక్క క్షణం తడబడుతుంది. చెంచాడు ఆయిల్‌తో పోయే జబ్బుకి కొత్త కార్బొరేటర్ అమ్మేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

పవర్ కావాలా? లెక్క చూసుకోండి

ఇవన్నీ అయ్యాక కూడా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచి మొదటి అడుగు. మాటిమాటికీ గ్యాప్ చూసుకునే పని తప్పుతుంది. ఫ్యాన్సీ ఎయిర్ ఫిల్టర్ పెడితే మాత్రం అక్కడితో ఆగదు. గాలి ఎక్కువ వెళ్తుంది కాబట్టి పెట్రోలు పాలు మార్చాలి, అంటే కార్బొరేటర్ లోపలి సూది మార్చాలి. అది చెయ్యకుండా ఫిల్టర్ ఒక్కటే మారిస్తే ఇంజిన్ వేడెక్కుతుంది, వాల్వులు కాలతాయి. చప్పుడు పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది. మన ఊళ్లో బుల్లెట్ సైలెన్సర్ మార్చినవాళ్ల కథే ఇది కూడా.

మన దేశంలో చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021 నుంచి 'వీఏ' సిరీస్‌తో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. అదీ బండి అసలు రూపంలో ఉంటేనే.

తుప్పు, పెట్రోలు: కనపడని దొంగలు

పాత కారుని ఇంజిన్ కంటే తుప్పే ఎక్కువగా చంపుతుంది. ఎంజీబీకి వేరే ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. తలుపుల కిందుండే సిల్స్ తుప్పు పడితే కారు నడుం వంగినట్టే. పెయింటు మెరుస్తోందని కొనేయకండి, కింద అయస్కాంతం పెట్టి చూడండి. పుట్టీ దగ్గర అతుక్కోదు. అదృష్టం ఏమిటంటే, 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఎంజీబీ బాడీలను కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. ఇలాంటి సౌకర్యం ఉన్న పాత కార్లు తక్కువ.

రెండో దొంగ పెట్రోలు. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలంటే ఈ10, మన బంకుల్లో ఇప్పుడు ఈ20. ఆ ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచి పగలగొడుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వెయ్యడానికి అయ్యే ఖర్చు కొంచెమే. కార్బొరేటర్ ఉన్న మన పాత బళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది.

మీరిప్పుడే చెయ్యగలిగింది

ఎంజీబీ కొనలేరా? ఫర్వాలేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ కార్లని చెవితో సెట్ చేసిన మెకానిక్కులు మాత్రం విజయవాడలో, వరంగల్‌లో, మీ ఊరి బస్టాండు వెనక ఇంకా ఉన్నారు. చాలామందికి వయసైపోయింది. షెడ్డులో ఇప్పుడు స్కానర్ పెట్టుకుని కోడ్ చదివే కుర్రాళ్లున్నారు, గొట్టం చెవిలో పెట్టుకునేవాళ్లు లేరు. ఆ విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. ఎందుకంటే సరైన చప్పుడు ఎలా ఉంటుందో రాసి చూపించలేం.

ఈ ఆదివారం అలాంటి ఒకాయన్ని వెతకండి. బాబాయ్ అనో, భాయ్ అనో పలకరించి, టీ తాగించి, "ఎస్‌యూ కార్బొరేటర్ ఎలా సెట్ చేసేవారు?" అని అడగండి. ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూడండి. ఒప్పుకుంటే ఫోన్‌లో వీడియో తియ్యండి. ఇంగ్లండులో ఎంజీబీ ఉన్నవాడికి కూడా అది పనికొస్తుంది!