సీటు వచ్చింది, 28 రోజుల డబ్బు యాడుంది?

మైపాడు దగ్గర మా యానాది కాలనీలో మా పిన్నమ్మ కూతురికి ఇంగ్లండులోని ఒక యూనివర్సిటీ నుంచి ఎల్ఎల్ఎం సీటు వచ్చింది. ఆఫర్ లెటర్ ఫోన్లో చదివి వినిపిస్తే పిన్నమ్మ అడిగిన మొదటి మాట: "లా చదివేసినావు గదమే, మళ్ళీ లా చదవడానికి అంత దూరం పోవాల్నా?"

అందరం నవ్వినాం. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. మన యువతలో చాలామంది ఇప్పుడు ఫారిన్ చదువు గురించి అడుగుతున్నారు. జవాబు మనమే వెతుక్కోవాలి.

మన నెల్లూరు తీరం సంగతి చూడండి. 1/70 చట్టం, పెసా, 1997 నాటి సమతా తీర్పు... ఆదివాసీ హక్కులంటే మనం గట్టిగా చెప్పుకునేవన్నీ షెడ్యూల్డ్ ప్రాంతాలకే. నెల్లూరులో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. సర్టిఫికెట్లో ఎస్టీలం, కాళ్ళ కింద నేలకు మాత్రం ఐదో షెడ్యూల్ రక్షణ లేదు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు ఐదు లక్షల పైనే. ఎక్కువమందిది ఇదే పరిస్థితి. కాలవ గట్టు మీద, రొయ్యల గుంటల పక్కన, చెరువు పోరంబోకులో మూడు తరాలుగా గుడిసె ఉంటుంది, కాగితం ఉండదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు కదిలిపోయిన మనవాళ్ళ దగ్గర కూడా ఏ దస్తావేజు ఉందని? అడవి, వాగు, ఉప్పుటేరు తెలుసు. అంతే.

మా చెల్లి చదవాలనుకున్నది సరిగ్గా ఇదే. కాగితం లేని జనం భూమి హక్కును కోర్టులో ఎట్లా నిరూపించాలి? ఆస్ట్రేలియాలో 1992లో మాబో తీర్పు వచ్చింది. తెల్లవాళ్ళు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదన్న వాదనను అక్కడి హైకోర్టు కొట్టేసింది. కెనడా సుప్రీంకోర్టు 1997లో డెల్గమూక్ కేసులో ఇంకో అడుగు వేసింది. పెద్దలు నోటితో చెప్పుకుంటూ వచ్చిన చరిత్రను కూడా సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోవాలంది. మన సమతా తీర్పు వచ్చిన సంవత్సరమే అది. మన తాతలు చెప్పే కథలకు కోర్టులో విలువ కట్టించే దారి ఎవరో ఒకరు కూర్చుని నేర్చుకోవాలి గదా. "అందుకే పిన్నమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి "అయితే పోనీ" అంది.

పోవడం మాత్రం అంత సులువు కాలేదు.

బ్రిటన్ స్టూడెంట్ వీసాకు కట్టాల్సిన ఫీజు, తొమ్మిది నెలల దాకా ఖర్చుల డబ్బు కలిపి వరసగా 28 రోజులు బ్యాంకులో కదలకుండా ఉన్నట్టు చూపించాలి. కూలి డబ్బు వారం నిలవని ఇంట్లో 28 రోజులు! ఎడ్యుకేషన్ లోన్ అంటే ఏడున్నర లక్షలు దాటగానే బ్యాంకు తాకట్టు అడుగుతుంది. మాకున్నది డీకేటీ పట్టా. అమ్మకూడదు, దాన్ని చూసి బ్యాంకోళ్ళు ముఖం తిప్పుకుంటారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ లెటర్ ఉంటే ఈ 28 రోజుల లెక్క అక్కర్లేదు. కానీ ఆ లెటర్ వీసా గడువు లోపల చేతికి రావాలి. మా చెల్లి పెట్టుకున్న ఒకదాని ఫలితం (పేరు ఎందుకులే) క్లాసులు మొదలయ్యే రోజుకి కూడా రాలేదు.

కేంద్ర గిరిజన శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికి. అందులో 3 పీవీటీజీలకు. దేశంలో ఆదివాసులం 2011 నాటికే పది కోట్ల పైన ఉన్నాం. ఇరవై అన్న అంకె చూసి అప్లై చెయ్యడం మానేసేవాళ్ళే ఎక్కువ. ఈ అంకె పెరగాలి. ఫలితాలు వీసా క్యాలెండర్ ప్రకారం రావాలి. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ ఉంది. పాస్‌పోర్టు, ఐఇఎల్‌టీఎస్, అప్లికేషన్లు చూసే ఒక్క మనిషిని అక్కడ కూర్చోబెట్టమని అడుగుదాం.

డబ్బు ఆగితే చదువు ఆగడం అంబేడ్కర్ గారికే తప్పలేదు. 1916లో లండన్‌లో గ్రేస్ ఇన్‌లో చేరిన మనిషి, బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి 1917లో తిరిగొచ్చేశారు. మళ్ళీ 1920లో పోయి పూర్తి చేశారు.

వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. ఇక్కడ కోర్టులో వాదించాలనుంటే ముందు ఇక్కడే ఎల్ఎల్‌బీ చెయ్యండి. బయట ఎల్ఎల్‌బీ చేసి వస్తే బార్ కౌన్సిల్ గుర్తింపు, అర్హత పరీక్ష అని ఇంకో తిరుగుడు. బయటి ఏడాది ఎల్ఎల్ఎం ఇక్కడి ఎల్ఎల్ఎంకి సమానమా కాదా అన్నది కూడా 2021లో సుప్రీంకోర్టు దాకా పోయింది, లెక్చరర్ కావాలనుకునేవాళ్ళు ఆ సంగతి కనుక్కోండి. చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ళ పని అనుభవం, అంటే 2,800 గంటలు కావాలి. నెల్లూరు కోర్టులో జూనియర్‌గా తిరిగిన రోజులన్నీ పనికొస్తాయి, రాసి పెట్టుకోండి. కన్సల్టెన్సీ వాళ్ళకి సీటు చూపిస్తే కమిషన్ వస్తుంది. వాళ్ళు చెప్పే కాలేజీ మన మంచి కోసమే అని అనుకోవద్దు. సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి. మా చెల్లికి దాంతోనే నాలుగు నెలలు పోయింది.

ఆమె సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేయమని యూనివర్సిటీకి రాసింది. ఒప్పుకున్నారు. ఇప్పుడు పొద్దున కోర్టుకి పోతోంది. సాయంత్రం కాలనీలో ముసలోళ్ళ దగ్గర కూర్చుని ఏ గట్టు మీద ఎవరి గుడిసె ఎప్పటి నుంచి ఉందో ఫోన్లో రికార్డు చేస్తోంది. పిన్నమ్మ పక్కన కూర్చుని తేదీలు సరిచేస్తోంది, "అది తుఫానుకి ముందుమే, తర్వాత కాదు" అని.