మన మెషీన్‌లో నడిస్తే చాలదు



కంప్యూటర్ కోర్సుల్లో చేరిన మన హాస్టల్ విద్యార్థులు లైనక్స్ కమాండ్లు చకచకా నేర్చుకుంటున్నారు. సంతోషం. అయితే కమాండ్‌తో పాటు దాని హద్దు కూడా తెలుసుకోవాలని మా అభిప్రాయం.

ఒక ఫోల్డర్‌లో లక్ష ఫైళ్లున్నాయనుకోండి. అన్నీ తీసేయడానికి ఆర్‌ఎం పక్కన స్టార్ గుర్తు పెట్టి ఎంటర్ కొడితే "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" అని రావచ్చు. తప్పు ఆర్‌ఎంది కాదు. స్టార్‌ను షెల్ లక్ష పేర్లుగా విప్పుతుంది. ఆ పేర్లను ప్రోగ్రామ్‌కు అందించడానికి కెర్నెల్ ఇచ్చే చోటు కొంతే. పేరుకు 20 అక్షరాలనుకున్నా 20 లక్షల బైట్లు దాటిపోతుంది!

ఆ చోటు అన్ని మెషీన్లలో ఒకేలా ఉండదు. పోసిక్స్ ప్రమాణం హామీ ఇచ్చేది 4096 బైట్లే. లైనక్స్‌లో చాలాకాలం 128 కిలోబైట్లు ఉండేది. 2007లో వచ్చిన 2.6.23 కెర్నెల్ నుంచి అది స్టాక్ పరిమితిలో నాలుగో వంతు, అంటే సాధారణంగా 2 మెగాబైట్లు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 8191 అక్షరాలు మాత్రమే.

మరి దారేమిటి? బోరు దగ్గర డ్రమ్ము నింపి ఒక్కసారే మోయలేం, బకెట్లతో విడతలుగా మోస్తాం. ఎక్స్‌ఆర్గ్స్ చేసేది అదే. కాకపోతే పేరు మధ్యలో ఖాళీ ఉంటే అది ఒక పేరును రెండుగా చీలుస్తుంది. దీనికి విరుగుడైన ప్రింట్‌జీరో పద్ధతి పోసిక్స్‌లో చేరింది 2024లోనే. అందుకే ఫైండ్‌లో ఎగ్జెక్ వాడి, చివర ప్లస్ పెట్టడం మేలు. ఫైండ్ లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళ్తుంది కనుక తీసేసే ముందు పేర్లు ఒకసారి తెరమీద చూసుకోండి.

"ఇప్పుడు పెద్ద మెషీన్లు వచ్చాయి, ఇవన్నీ ఎందుకు?" అని కొందరంటారు. మనం రాసింది మన దగ్గరే ఆగిపోదు. ఎక్కడో పాత మెషీన్ ముందు మొదటిసారి కూర్చున్న విద్యార్థి దగ్గరికీ వెళ్తుంది. మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాదే. ఎర్రర్ వస్తే ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. ఆ విద్యార్థి పరిస్థితి మాకు తెలుసు. పెద్ద మెషీన్‌ను మాత్రమే చూసి రాసిన ప్రోగ్రామ్ చిన్న మెషీన్ ఉన్నవాళ్లను గుమ్మం బయటే నిలబెడుతుంది. బయట నిలబడడం అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా?

కనుక రాసిన ప్రతిదాన్నీ చిన్న మెషీన్‌లో కూడా నడిపి చూడండి. సీనియర్లు జూనియర్లకు ఈ అలవాటు నేర్పాలని కోరుతున్నాం.