పక్కింటావిడ ఇంగ్లీషు

మేం హాంకాంగ్ వచ్చి ఆరేళ్లయింది. కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం నేను షామ్ షూయ్ పో మార్కెట్లో కూరలు కొంటుంటే వాన హెచ్చరిక ఎరుపుకి మారింది. గొడుగున్నా అడుగు బయట పెట్టలేని వాన. అమ్మాయి స్కూలు నుంచి వచ్చేసి ఉంటుంది, తాళం నా దగ్గరే ఉంది. ఏం చేయాలో తోచక నిలబడితే పక్కింటావిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

“యువర్ డాటర్ ఫాల్ డౌన్ ఇన్ లిఫ్ట్ లాబీ. హి క్రై లిటిల్. నౌ మై హోమ్ ఈట్ నూడిల్. ఐ ఓపెన్ లైట్ వెయిట్ యు.”

చదవగానే ప్రాణం కుదుటపడింది. పిల్ల పడింది, కాస్త ఏడ్చింది, ఇప్పుడు వాళ్లింట్లో నూడుల్స్ తింటోంది, ఆవిడ లైటు వేసి నాకోసం చూస్తోంది. తల్లికి తెలియాల్సింది ఒక్కటీ తప్పిపోలేదు.

రాత్రి ఆ మెసేజ్ చూసి మా అమ్మాయి, మోకాలికి కట్టుతోనే, పడీపడీ నవ్వింది. “అమ్మా, నేను ‘హి’ నట! లైట్ ఓపెన్ చేసిందట!” నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. మర్నాడు మోకాలు వాచింది. లీవ్ లెటర్ రాద్దామని కాగితం తీశాను. “నువ్వొద్దులే అమ్మా, నాన్న రాస్తారు. నీ ఇంగ్లీషు చూస్తే మా టీచర్ ఏమనుకుంటుందో” అంది. ఆ రోజు ఆయనే రాశారు. నేను వంటింట్లోకి వెళ్లి పప్పు పోపు పెట్టుకున్నాను. ముందు రాత్రి నవ్విన నవ్వు నాకే తిరిగొచ్చింది.

నేను చదివింది బి.ఏ. తెలుగు. వ్యాకరణమంటే కాస్త పిచ్చి. ఆరేళ్లుగా ఆవిడతో టీ తాగుతూ వాళ్ల కాంటనీస్ గురించి నాలుగు ముక్కలు తెలుసుకున్నాను. అవి తెలిశాక ఆవిడ తప్పులు నాకు తప్పుల్లా కనబడటం మానేశాయి.

ఆ ‘హి’ సంగతే చూడండి. కాంటనీస్ నోటిమాటలో ఆయనకీ ఆవిడకీ ఒకటే మాట, ‘ఖోయ్’. బళ్లో నేర్చే రాతభాషలో వేర్వేరు అక్షరాలున్నాయి కానీ ఇంట్లో మాట్లాడే భాషలో ఆ తేడా లేదు. మన గ్రాంథికం, వ్యావహారికం లాంటి కథే. మనం మాత్రం? అమ్మాయి వచ్చింది అంటాం, ఆవు వచ్చింది అంటాం. మనకి అందులో వింతేం లేదు.

‘ఓపెన్ లైట్’ ఎందుకంటారా? తలుపు తెరవడానికీ లైటు వేయడానికీ వాళ్లకి ‘హోయ్’ అన్న ఒక్క క్రియే. మనం లైటు ‘వేస్తాం’. ‘పుట్ ద ఫ్యాన్’ అన్నవాళ్లు మన ఇళ్లలో లేరా!

ఇక ‘ఫాల్’. వాళ్ల క్రియలకి కాలాన్ని బట్టి రూపం మారదు. మనం భోజనం అయిందా అని పలకరించినట్టే వాళ్లూ “సిక్ చో ఫాన్ మేయ్ ఆ” అని పలకరిస్తారు. ‘సిక్’ అంటే తినడం. పక్కన ‘చో’ చేరితే ఆ పని అయిపోయిందని. క్రియ మాత్రం కదలదు. అలాంటి భాషలో పెరిగిన మనిషికి ఈట్, ఏట్, ఈటెన్ అని ఒకే తిండికి మూడు మాటలెందుకో వింతగా ఉండదూ?

నూడిల్‌కి బహువచనం పెట్టకపోవడమూ అంతే. మూడు పుస్తకాలు అనాలంటే మూడుకీ పుస్తకానికీ మధ్య ‘పున్’ అని ఒక కొలమాట పెడతారు. పుస్తకం అన్న మాట ఎన్నున్నా మారదు. “నువ్వు తినలేదా” అని ఇంగ్లీషులో అడిగితే “యెస్” అంటుంది ఆవిడ, తినలేదని. అది మనదీ అలవాటే కదా, “అవును, తినలేదు” అంటాం.

అయితే తప్పులు దిద్దుకోనక్కర్లేదా అని అడుగుతారు. అక్కర్లేదని నేననను. ఈ ఊళ్లో 1974 దాకా ఇంగ్లీషొక్కటే అధికార భాష. ఇంగ్లీషులో కాగితం రాయించుకోవాలంటే యౌ మా తేయ్ లాంటి చోట్ల బల్లలేసుకుని కూర్చునే రాతగాళ్లకి డబ్బిచ్చేవారు. ఉద్యోగం దరఖాస్తులో క్రియ తప్పితే ఇవాళ్టికీ నష్టమే. కాబట్టి దిద్దాలి. కానీ “నీకు రాదు” అని దిద్దడం వేరు, “మీ భాషలో ఇలా ఉంటుంది, ఇంగ్లీషులో ఇలా అడుగుతారు” అని దిద్దడం వేరు. మొదటిది విన్నవాళ్లు రాయడం మానేస్తారు. నేను మానేసిందాన్నే, అందుకే చెబుతున్నాను.

ఆ వానలో ఆవిడ కూడా “నా ఇంగ్లీషు చూసి నవ్వుతారేమో” అనుకుని ఊరుకుని ఉంటే? నేను మార్కెట్లో గంటసేపు గుండె చేత్తో పట్టుకుని నిలబడేదాన్ని. మన ఇళ్లలో ఎందరు అమ్మలు ఇలా రాయకుండా, అడగకుండా, పేరెంట్స్ మీటింగుల్లో వెనక కుర్చీలో కూర్చుని వచ్చేస్తున్నారో మీకు తెలీదా?

ఇవన్నీ ఒక రోజు మా అమ్మాయికి చెప్పాను. ‘ఖోయ్’ దగ్గర ఆగి, “అంటే ఆంటీ నన్ను అబ్బాయి అనుకోలేదన్నమాట” అంది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

కిందటి వారం దానికి జ్వరమొచ్చింది. లీవ్ లెటర్ నేనే రాశాను. ఒకచోట ‘ద’ పడలేదని వేలు పెట్టి చూపించింది. మన తెలుగులో అది లేదు కదమ్మా, అందుకే జారిపోయింది అన్నాను. ‘ద’ పెట్టి, కింద సంతకం నేనే చేశాను.